బరువును బట్టి వాహనం, పనిని బట్టి ల్యాప్‌టాప్



బంగాళాఖాతానికీ పులికాట్ సరస్సుకూ నడుమ, నెల్లూరు తీరపు దక్షిణ కొసన పొడవుగా పరుచుకొన్న శ్రీహరికోట దీవి నుంచి 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్, అంటే పై వాతావరణాన్ని పరిశీలించి తిరిగి కిందికి రాలిపోయే పరిశోధక రాకెట్, మొదటిసారిగా ఎగిరింది. నాటి నుంచి నేటి వరకు ఆ దీవిలో, 2002లో సతీశ్ ధవన్ పేరు పెట్టిన అంతరిక్ష కేంద్రంలో, ఉపగ్రహ ప్రయోగం ఏదైనా సరే, ముందుగా రెండు విషయాలు తేలవలసి ఉంటుంది. పంపవలసిన ఉపగ్రహం బరువెంత అన్నది మొదటిది, దానిని చేర్చవలసిన కక్ష్య ఏది అన్నది రెండవది. ఆ రెండూ తేలిన తరువాతనే ఏ వాహనం అన్న మాట వస్తుంది. ల్యాప్‌టాప్ కొనదలచిన కుటుంబానికి కూడా ఇదే సూత్రం అక్షరాలా వర్తిస్తుందని, దానిని పాటిస్తే డబ్బూ శ్రమా రెండూ కలిసివస్తాయని నిరూపించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

శ్రీహరికోట నుంచి ఎగిరే వాహనాలన్నీ ఒక్క కొలతవి కావు. సుమారు 34 మీటర్ల ఎత్తు, 120 టన్నుల బరువు గల ఎస్‌ఎస్‌ఎల్‌వి 500 కిలోల ఉపగ్రహాన్ని 500 కిలోమీటర్ల ఎత్తున గల కక్ష్యకు చేర్చడానికి రూపొందింది. 44 మీటర్ల ఎత్తు, 320 టన్నుల బరువు గల పీఎస్‌ఎల్‌వి సుమారు 1,750 కిలోలను 600 కిలోమీటర్ల ఎత్తున సూర్యానువర్తన కక్ష్యలో, అనగా ఉపగ్రహం ఏ ప్రాంతం మీదుగానైనా ప్రతిసారీ ఒకే స్థానిక సౌర సమయానికి సాగిపోయే ధ్రువకక్ష్యలో, నిలపగలదు. 640 టన్నుల ఎల్‌వీఎం3 సుమారు 4 టన్నులను భూస్థిర బదిలీ కక్ష్యకు, అంటే ఉపగ్రహం భూస్థిర కక్ష్యకు ఎక్కే ముందరి మధ్యంతర కక్ష్యకు, మోయగలదు. 2023 జులై 14న సుమారు 3,900 కిలోల చంద్రయాన్-3ను పైకి తీసుకువెళ్లింది ఆ వాహనమే. చిన్న ఉపగ్రహం ఒక్కదాని కోసం ఎల్‌వీఎం3ను సిద్ధం చేయడం ఎంత దుబారానో, చంద్రయాన్-3ను ఎస్‌ఎస్‌ఎల్‌వికి ఎక్కించడం అంత అసాధ్యం.

ఒకే పేరు గల వాహనంలోనూ తేడాలుంటాయన్నది ఇంకొక ముఖ్య విషయం. పీఎస్‌ఎల్‌వి మొదటి అంచె చుట్టూ కట్టే ఘన ఇంధనపు అదనపు మోటార్లను స్ట్రాప్‌ఆన్‌లు అంటారు. బరువు తక్కువైతే అవేవీ లేకుండా, కొంత పెరిగితే 2, ఇంకా పెరిగితే 4, భారీ పనికి 6 పెద్ద మోటార్లతో, ఇలా ఆ వాహనం నాలుగు రూపాలలో ఎగురుతుంది. 2008లో చంద్రయాన్-1, 2013లో మంగళయాన్ వెళ్లినది ఆరు మోటార్ల రూపంలోనే. ల్యాప్‌టాప్ మూతపై కనిపించే పేరు కూడా ఇటువంటిదే. ఒకే పేరు, ఒకే రంగు, ఒకే ఆకారం గల రెండు యంత్రాలలో ఒకదాని లోపల 8 గిగాబైట్ల ర్యామ్, మరొకదాని లోపల 16 గిగాబైట్ల ర్యామ్ ఉండవచ్చు. ఒకదాని తెర వెలుగు మరొకదానికి సగమే కావచ్చు. కాబట్టి పేరు చూసి కొనడం పీఎస్‌ఎల్‌వి అన్న మాట విని దానికి మోటార్లు ఎన్నో అడగకుండా ఊరుకోవడం వంటిది.

సూళ్లూరుపేట, తడ, నాయుడుపేట, గూడూరు ప్రాంతాలలో ఇంటర్మీడియట్ పూర్తయి పిల్లలు ఇంజనీరింగ్ కళాశాలలకు బయలుదేరే వేళ ఇళ్లలో మొదట వినిపించే ప్రశ్న, ఏ కంపెనీ మంచిది అన్నది. ఆ ప్రశ్న తప్పు కాదు గాని దాని స్థానం చివర. ఉపగ్రహం బరువుకు సమానమైనది ఇక్కడ ఆ యంత్రం మీద చేయవలసిన పని. కక్ష్యకు సమానమైనది ఆ యంత్రం తిరగవలసిన దారి: అది ఇంటి బల్ల మీదనే ఉంటుందా, హాస్టల్ మంచం మీద ఉంటుందా, ప్రతిదినం రైలులో చెన్నైకి వెళ్లి వస్తుందా అన్నది. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం నూజివీడు, ఇడుపులపాయ, బాసర ప్రాంగణాలలో పదవ తరగతి ముగించి వచ్చిన గ్రామీణ విద్యార్థుల చేతికి ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. పాఠ్యం అందరికీ ఒకటే అయినప్పుడు యంత్రమూ ఒకటే అయితే చెల్లుతుంది. ఇంటి అవసరాలు అలా ఒక్క తీరుగా ఉండవు గనుక, పక్కింటివారు కొన్నదే కొనడం మంచి పద్ధతి కాదు.

మోసుకుపోగల కంప్యూటరు చరిత్రే పరిమాణానికీ ప్రయోజనానికీ మధ్య సాగిన బేరం. బాల్యాన్ని తమిళనాడులోని తిరువణ్ణామలైలో గడిపి, జీవిత చరమాంకంలో మళ్లీ తమిళనాడుకే వచ్చి 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూసిన ఆడమ్ ఆస్బోర్న్ 1981లో అమెరికాలో విడుదల చేసిన ఆస్బోర్న్-1 బరువు సుమారు 11 కిలోలు, తెర 5 అంగుళాలు, తనలో బ్యాటరీ లేదు. అయినా ఒకచోటి నుంచి మరొకచోటికి మోసుకుపోవచ్చునన్న కారణంతో కొనేవారు వేలంవెర్రిగా ఎగబడ్డారు. మరుసటి ఏడు బిల్ మోగ్రిడ్జ్ రూపకల్పనతో వచ్చిన గ్రిడ్ కంపాస్, తెరను మడతబందుతో మీటల పలకపైకి మూసే రూపాన్ని స్థిరపరచింది. నేటి ల్యాప్‌టాప్‌లన్నీ ఆ రూపానికి వారసులే. నాసా దానిని అంతరిక్ష నౌకలోకి తీసుకువెళ్లింది. బరువు ప్రతి గ్రాముకూ లెక్క చెప్పవలసిన చోట ఆ యంత్రం స్థానం సంపాదించడానికి కారణం, కొద్ది చోటులో అవసరమైన పనిని అది చేయగలగడమే.

ఇక పరిమాణం విషయం. ల్యాప్‌టాప్‌ను 13.3, 14, 15.6, 17.3 అని అంగుళాలలో చెప్పేటప్పుడు ఆ కొలత తెర వెడల్పు కాదు, ఒక మూల నుంచి ఎదుటి మూలకు గల ఐమూల దూరం. బొమ్మ చూపే వీలు లేని రేడియోలో ఈ కొలతలను చేతితోనే గ్రహించవచ్చు. పెద్దల జాన సుమారు 9 అంగుళాలు, మూర 18 అంగుళాలు కనుక 14 అంగుళాల తెర మూల నుంచి మూలకు జానన్నర కంటె పిసరంత ఎక్కువ, 15.6 అంగుళాల తెర జానన్నర మీద రెండు అంగుళాలు, 17.3 అంగుళాల తెర మూరకు కొద్దిగా తక్కువ. అయితే ఐమూల దూరంలో కనిపించే చిన్న తేడా వైశాల్యంలో పెద్దదవుతుంది. 14 నుంచి 15.6కు వెళ్లినప్పుడు పెరిగినది 1.6 అంగుళాలే అయినా, ఒకే నిష్పత్తి గల తెరలలో వైశాల్యం దాదాపు 24 శాతం పెరుగుతుంది. లెక్కల పట్టికలో అదనంగా కొన్ని నిలువు వరుసలు కనిపించడం, ఒక పక్క పాఠం, మరొక పక్క నోట్సు తెరిచి పెట్టుకోగలగడం ఆ 24 శాతం వల్లనే సాధ్యమవుతుంది. 14 అంగుళాల తెరలో రెండు కిటికీలు పక్కపక్కన తెరిస్తే రెండూ ఇరుకుగానే ఉంటాయి.

తెర నిష్పత్తి కూడా గమనించదగినది. వెడల్పు 16 పాళ్లైతే ఎత్తు 9 పాళ్లు ఉండే తెర సినిమాకు అనువైనది. ఎత్తు 10 పాళ్లు ఉండే తెర చదువుకూ రాతకూ అనువైనది. 14 అంగుళాల తెరలో మొదటిదాని ఎత్తు సుమారు 17.4 సెంటీమీటర్లు, రెండవదానిది సుమారు 18.8 సెంటీమీటర్లు. దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల ఆ తేడా తెలుగు చదివేవారికి మరింత విలువైనది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరాన్ని తీసుకొంటే పైన గుడిదీర్ఘం, నడుమ సకారం, కింద తవత్తు, దానికి తోడు క్రావడి ఉన్నాయి; ఆంగ్ల అక్షరం ఒక అంతస్తులో ముగిసే చోట తెలుగు అక్షరం మూడు అంతస్తులు కడుతుంది. అందువల్ల తెలుగు వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి, అక్షరం పరిమాణమూ కొంత పెంచుకోవలసి వస్తుంది. అదే కారణంగా తెర స్పష్టతను, అంటే తెరలోని చుక్కల సంఖ్యను, తప్పక చూడవలసి ఉంటుంది. అడ్డంగా 1,366, నిలువుగా 768 చుక్కలు గల పాతరకపు తెర 15.6 అంగుళాల పరిమాణంలో ఉంటే అంగుళానికి 100 చుక్కలే దక్కి, వత్తులు అలుక్కుపోయినట్లు కనబడతాయి. 1,920, 1,080 చుక్కల తెరలో అంగుళానికి 141 చుక్కలు వచ్చి అవే వత్తులు విడివిడిగా తేటపడతాయి. తెలుగులో ఎక్కువగా చదివే, రాసే ఉపాధ్యాయులకూ విలేఖరులకూ ప్రాసెసర్ వేగం కంటె ఈ ఒక్క లక్షణమే నిత్యం అక్కరకు వస్తుంది.

పరిమాణానికి మరొక పక్క బరువు. 14 అంగుళాల సాధారణ యంత్రం సుమారు కిలోన్నర ఉంటుంది. దాని ఛార్జరు పావు కిలో పైచిలుకు. గేమింగ్ యంత్రాలుగా పేరుపొందిన 15.6 లేదా 16 అంగుళాల యంత్రాలు తరచుగా రెండుంబావు కిలోలు దాటుతాయి. ఎక్కువ కరెంటు అందించవలసిన వాటి ఛార్జరే అరకిలో పైన ఉంటుంది. రెండింటికీ తేడా కిలో పైమాటే. దుకాణం బల్ల మీద ఎత్తి చూసినప్పుడు ఆ తేడా చేతికి తెలియదు. సూళ్లూరుపేట స్టేషన్‌లో తెల్లవారి లోకల్ ఎక్కి, నిలబడి చెన్నై చేరి, సాయంత్రం అదే దారిన తిరిగివచ్చే విద్యార్థి భుజానికి పుస్తకాలు, నీళ్ల సీసా, అన్నం డబ్బాతో పాటు అది నాలుగేళ్ల పాటు తెలుస్తూనే ఉంటుంది. బరువు భరించలేక ఇంట్లోనే వదిలివెళ్లే ల్యాప్‌టాప్ ఎంత శక్తిమంతమైనదైనా తరగతి గదిలో దాని ఉపయోగం సున్న. దీనికి భిన్నంగా, ఎప్పుడూ ఇంటి బల్ల దాటని యంత్రానికి తేలికదనం కోసం అదనంగా డబ్బు పెట్టడం నిష్ప్రయోజనం.

లోపలి భాగాలలో మొదట చెప్పవలసినది ప్రాసెసర్, అంటే ఆజ్ఞలను వరుసగా అమలుజరిపే గణక చిప్పు. దీని విషయంలో పెద్ద సంఖ్య అంటే పెద్ద గొప్ప అన్న భ్రమ బలంగా ఉన్నది. ఇస్రో వాహనాల ఏవియానిక్స్‌లో, అంటే వాహనాన్ని దారిలో నడిపించే ఎలక్ట్రానిక్ వ్యవస్థలో, 2009 నుంచి పనిచేస్తున్న విక్రమ్-1601 కేవలం 16 బిట్ల చిప్పు. అంటే ఒక్క అడుగులో అది చేపట్టగల సంఖ్య పొడవు 16 ద్వంద్వాంకాలు. నేటి అతిసాధారణ ల్యాప్‌టాప్‌లోని ప్రాసెసర్ 64 బిట్లది. తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ అంతరిక్ష కేంద్రం, చండీగఢ్ దగ్గరలోని సెమీకండక్టర్ లేబొరేటరీ కలిసి రూపొందించిన 32 బిట్ల విక్రమ్-3201ను, 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన పీఎస్‌ఎల్‌వి-సి60 చివరి అంచెలో అంతరిక్షంలోనే పరీక్షించారు. మైనస్ 55 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ వరకు పనిచేయగల ఆ చిప్పుకు సినిమాలు చూపించే పని లేదు. కుదుపులో, వేడిలో, చలిలో లెక్క తప్పకుండా నిలవడమే దాని పని. పనికి తగిన శక్తి అన్న మాటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

దుకాణంలో కనిపించే ప్రాసెసర్ పేర్లను చదవడం నేర్చుకొంటే సగం సందేహాలు తీరిపోతాయి. ఇంటెల్ ఐ5-1235యు అన్న పేరులో ఐ5 అన్నది తరగతి, 12 అన్నది తరం, చివరి ‘యు’ అన్న అక్షరం విద్యుత్తును పొదుపుగా వాడే రకమని తెలిపే గుర్తు. అదే చోట ‘హెచ్’ ఉంటే అది సుమారు 45 వాట్ల స్థాయిలో పనిచేసే బలమైన రకం. వేగమూ ఎక్కువ, వేడీ ఎక్కువ, బ్యాటరీ ఖర్చూ ఎక్కువ. ఏఎండీ సంస్థ రైజెన్ 7000 వరుసలో మొదటి అంకె విడుదల సంవత్సరానికి చెందినది, మూడవ అంకె అంతర్నిర్మాణానికి చెందినది. ఆ ప్రకారం రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7640యు రెండూ ఒకే తరగతివిగా కనిపించినా, మొదటిది 2019లో వచ్చిన జెన్-2 నిర్మాణం, రెండవది 2022లో వచ్చిన జెన్-4 నిర్మాణం. యంత్రంపై అంటించిన చీటీలో రైజెన్ 5 అన్న రెండు మాటలే ఉంటాయి. అసలు సంగతి ఆ తరువాతి నాలుగంకెలలో ఉంటుంది. అందుచేత పూర్తి పేరు కాగితం మీద రాసి ఇవ్వనిదే బేరం మొదలుపెట్టకపోవడం కొనుగోలుదారుకు క్షేమం.

ప్రాసెసర్ తరువాత ర్యామ్, నిల్వ. వంటింటి పోలికలో చెప్పాలంటే ర్యామ్ వంటగట్టు వంటిది, నిల్వ కొట్టుగది వంటిది. కొట్టుగదిలో ఎంత సరుకున్నా, గట్టు ఇరుకైతే ఒక గిన్నె దించితే గాని మరొక గిన్నె పెట్టడానికి వీలుండదు. నిల్వలో రెండు రకాలున్నాయి: పళ్లెం గిరగిర తిరిగే పాత హార్డ్‌డిస్క్, కదిలే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డి. రెండవది అనేక రెట్లు వేగవంతమైనది, కుదుపులకు తట్టుకొనేది. ర్యామ్ విషయంలో నేటి స్థితిలో పత్రాలు, పాఠాలు, లెక్కల పట్టికల వరకు 8 గిగాబైట్లతో నడుస్తుంది. ప్రోగ్రామింగ్, చిత్రాల విశ్లేషణ, ఇంజనీరింగ్ డిజైన్ ఉన్నచోట 16 గిగాబైట్లు కనీసం. సన్నని యంత్రాలలో ర్యామ్‌ను బోర్డుకే అతికి ఉంచుతారు కనుక తరువాత పెంచుకొనే వీలుండదు. పెంచుకోగల గాడి ఉన్నదీ లేనిదీ కొనకముందే అడగవలసిన ప్రశ్న.

ఈ ర్యామ్ లెక్కను దగ్గరగా చూడడానికి పులికాట్ సరస్సునే తీసుకోవచ్చు. 2011 ఏప్రిల్ 20న శ్రీహరికోట నుంచి వెళ్లిన రిసోర్స్‌శాట్-2లోని లిస్-4 కెమెరా నేలను 5.8 మీటర్ల పక్కలు గల గళ్లుగా చూస్తుంది. ఆ లెక్కన ఒక చదరపు కిలోమీటరులో దాదాపు 30 వేల గళ్లుంటాయి. సరస్సు, దాని చుట్టూ ఉన్న దీవులు, తీరం కలిపి 1,000 చదరపు కిలోమీటర్ల పటం గీయదలచిన భూగోళశాస్త్ర విద్యార్థి ఎదుట 3 కోట్ల గళ్లు, మూడు వర్ణపట్టీలకు 9 కోట్ల సంఖ్యలు నిలుస్తాయి. ఒక్కో సంఖ్యకు 2 బైట్ల చొప్పున అది 180 మెగాబైట్లు. రాజహంసలు దిగే శీతకాలంలో నీరు ఎంతమేర నిలిచినదో, ఎండలు ముదిరిన తరువాత ఎంతమేర ఇంకిపోయినదో పోల్చడానికి రెండు చిత్రాలు, వాటి మీద చేసే గణితానికి మరికొన్ని మధ్యంతర చిత్రాలు, దశాంశ లెక్కల వల్ల రెట్టింపయ్యే పరిమాణం, వీటన్నిటితో పాటు విండోస్ తనకై తాను వాడుకొనే ర్యామ్. ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే పటరచన సాఫ్ట్‌వేర్‌లో ఈ పని 8 గిగాబైట్ల యంత్రం మీద కుంటుతూ సాగవచ్చు, 16 గిగాబైట్ల యంత్రం మీద సాఫీగా సాగుతుంది. ఈ విద్యార్థికి డబ్బు పెట్టవలసిన చోటు ర్యామ్, ఆ తరువాత పెద్ద తెర. ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కాదు.

గ్రాఫిక్స్ కార్డు, అంటే తన సొంత జ్ఞాపకంతో చిత్రాలను గీసే ప్రత్యేక చిప్పు, త్రిపరిమాణ డిజైన్లు చేసే మెకానికల్, సివిల్, వాస్తుశిల్ప విద్యార్థులకు, వీడియోలు కూర్చేవారికి, మెషీన్ లెర్నింగ్‌ను సొంత యంత్రం మీదనే సాధన చేసేవారికి అవసరం. వారికి 15.6 లేదా 16 అంగుళాల తెర, ‘హెచ్’ రకం ప్రాసెసర్, 16 గిగాబైట్ల ర్యామ్ తగినవి. బరువు వారు చెల్లించక తప్పని సుంకం. సాలిడ్‌వర్క్స్, కాటియా వంటి సాఫ్ట్‌వేర్లు విండోస్ కోసమే తయారైనవి గనుక ఆపిల్ మ్యాక్‌బుక్ ఎంత మేలైనదైనా అవి వాడవలసిన విద్యార్థులకు అక్కరకు రాదు. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులలో ఎక్కువమందికి ప్రత్యేక గ్రాఫిక్స్ లేని 14 అంగుళాల యంత్రం, 16 గిగాబైట్ల ర్యామ్ చాలును. దుకాణం లెక్కలు, జీఎస్టీ పత్రాలు చూసుకొనేవారికి అంకెల మీటలు విడిగా కుడిపక్కన ఉండే 15.6 అంగుళాల సాధారణ యంత్రం అన్నిటికంటె అనువైనది. రాకెట్ల మీద మక్కువ గల పాఠశాల విద్యార్థి నమూనా రాకెట్ ఎంత ఎత్తు ఎగురుతుందో లెక్కగట్టి చూపే ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను అతి సామాన్యమైన యంత్రం మీద కూడా నడుపుకోవచ్చు. చేపలు దొరికే అవకాశం ఉన్న చోట్లను హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ప్రకటించగా తెలుసుకొనే మత్స్యకారునికి ఫోను చాలును. ల్యాప్‌టాప్ కోసం అప్పు చేయవలసిన పని లేదు. అవసరం లేని చోట కొనకపోవడం కూడా సరైన ఎంపికే.

తీరప్రాంతపు గాలి ఈ లెక్కలో ప్రత్యేకంగా చేరవలసిన అంశం. సముద్రపు గాలిలో తేలివచ్చే సూక్ష్మమైన ఉప్పు కణాలు గాలిలోని తేమను పీల్చుకొని లోహంపై పలుచని తడి పొరగా నిలుస్తాయి. ఆ పొర కింద రాగి చిలుము పడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది, ఛార్జరు, యూఎస్‌బీ గాడులలో స్పర్శ దెబ్బతింటుంది. యంత్రం ఎంత వేడెక్కితే లోపలి పంకా అంత గాలిని, దానితో పాటు అంత ఉప్పును, లోపలికి లాగుతుంది. అందువల్ల తీరంలో నివసించేవారికి, పని అనుమతించినంత వరకు, తక్కువ వేడి పుట్టించే ‘యు’ రకం ప్రాసెసర్ అధిక మన్నికనిస్తుంది. అనేక ల్యాప్‌టాప్‌లకు తయారీదారులు సూచించే పరిసర ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే. వడగాలుల మే నెలలో నెల్లూరు ప్రాంతం 40 డిగ్రీలు దాటుతుంది కనుక పరుపు మీద, దుప్పటి మీద పెట్టి గాలి రంధ్రాలను మూయడం యంత్రానికి ఉరి బిగించడమే. వాడని వేళ సిలికా జెల్ పొట్లంతో సంచిలో మూసి ఉంచడం, కిటికీ పక్కన తెరిచి వదలకపోవడం ఖర్చు లేని సంరక్షణలు.

ఈశాన్య రుతుపవనాల కాలంలో తుపానులు ఈ తీరానికి కొత్త కాదు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిగ్‌జాం తుపాను అంతకుముందు నెల్లూరు, తిరుపతి జిల్లాలను కుండపోత వానలతో ముంచెత్తింది. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని అటువంటి రోజులలో బ్యాటరీ సామర్థ్యం కీలకమవుతుంది. దానిని గంటలలో చెప్పే ప్రకటనల కంటె వాట్‌అవర్లలో చూడడం నమ్మదగినది. 42 వాట్‌అవర్ల బ్యాటరీ గల యంత్రం 7 వాట్ల చొప్పున వాడితే 6 గంటలు, 14 వాట్ల చొప్పున వాడితే 3 గంటలు నడుస్తుంది. 90 వాట్‌అవర్ల భారీ బ్యాటరీ గల గేమింగ్ యంత్రం కూడా 60 వాట్లు లాగినప్పుడు గంటన్నరకే చేతులెత్తేస్తుంది. అంటే బ్యాటరీ పెద్దదన్న మాట ఒక్కటే చాలదు, వాడకం ఎంత అన్నది దానితో జతపరచి చూడవలసి ఉంటుంది. విమానంలో వెళ్లేవారికి మరొక గుర్తు: విమానయాన సంస్థ ప్రత్యేక అనుమతి లేకుండా తీసుకువెళ్లగల బ్యాటరీ హద్దు 100 వాట్‌అవర్లు.

పాత యంత్రం కొనదలచి చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ వైపు అడుగువేసేవారు ఒక తేదీని గుర్తుంచుకోవలసి ఉంటుంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది; అనగా భద్రతా లోపాలను పూడ్చే సవరణలు మామూలుగా రావడం ఆగింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే సాధారణంగా 8వ తరం లేదా ఆపై ప్రాసెసర్ కావాలి. అంతకు పాతదైన యంత్రం ఎంత చవకగా దొరికినా, లినక్స్ వాడే అలవాటు ఉన్నవారికి తప్ప, చవక కానేకాదు. కొత్తదైనా పాతదైనా, మరమ్మతు ఎక్కడ జరుగుతుందన్నది కంపెనీ పేరు కంటె ముందు తేలవలసిన విషయం. నెల్లూరుకో చెన్నైకో మోసుకువెళ్లి ఇవ్వవలసిన వారంటీకీ, మెకానిక్ ఇంటికే వచ్చి బాగుచేసే వారంటీకీ శ్రీహరికోట, సూళ్లూరుపేటల వంటి చోట్ల ఒక దినపు కూలి, రానుపోను ఛార్జీల తేడా ఉన్నది.

దుకాణంలో చివరి పరీక్షలు సులువైనవి. తెలుగు పేజీ ఒకటి తెరిచి, చేతి దూరంలో ఉంచి, వత్తులు తేటగా కనబడుతున్నాయో లేదో చూడడం. వీధి వెలుతురు పడే గుమ్మం దగ్గరకు తెచ్చి తెర వెలుగు చాలుతున్నదో లేదో పరిశీలించడం. ఒక పేరా టైపు చేసి మీటలు వేళ్లకు అమరుతున్నాయో లేదో గ్రహించడం. ఛార్జరుతో సహా సంచిలో పెట్టి భుజాన వేసుకొని కొంతసేపు నిలబడడం. అయితే ఈ పరీక్షలకు విలువ రావాలంటే, ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే ఒక కాగితం సిద్ధం కావాలి. వారం రోజులలో ఆ యంత్రం మీద జరగవలసిన పనులు, వాటికి కళాశాలో కార్యాలయమో చెప్పిన సాఫ్ట్‌వేర్లు, అది తిరగవలసిన దారి, కరెంటు లేకుండా నిలవవలసిన గంటలు ఆ కాగితం మీదకు ఎక్కాలి. వాటి నుంచి తెర పరిమాణం, ర్యామ్, ప్రాసెసర్ రకం వాటంతట అవే తేలుతాయి.

స్ట్రాప్‌ఆన్‌లు ఒక్కటీ లేకుండా పీఎస్‌ఎల్‌వి ప్రయోగ వేదిక మీద నిలిచినప్పుడు అందులో లోపమేదీ లేదు. మోయవలసిన బరువును ముందుగా తూచినందువల్లనే ఆ ఆరు మోటార్ల ఖర్చు మిగిలింది. ఇంటి కొనుగోలులోనూ అటువంటి తూకం జరిగితే, మిగిలిన సొమ్ము పిల్లల పుస్తకాలకో, ఇంటికి వచ్చే వారంటీకో, మరో 8 గిగాబైట్ల ర్యామ్‌కో చేరుతుంది. కంపెనీ పేరు రాయవలసింది ఆ కాగితం మీద చివరి వరుసలో.